చెప్పి ఏడ్చే లోగిలి

మొన్న మా అమ్మాయికి గొంతు పోయింది. కాలేజీ పోటీల్లో తన జట్టు కోసం అరిచి అరిచి ఇంటికొచ్చేసరికి నోటి వెంట మాట బదులు గాలి వస్తోంది. నేను మిరియాలు, ధనియాలు, కాస్త అల్లం దంచి తాటిబెల్లం వేసి కషాయం కాచాను. పొంగు వచ్చి ఆ ఘాటు ముక్కుకు తగలగానే పొయ్యి ముందు అలాగే నిలబడిపోయాను. అది మా అమ్మ వాసన. ఆవిడ కొంగు పట్టుకున్నా, ఒళ్లో తల పెట్టినా మిరియాలు, తాటిబెల్లం, బుగ్గన పెట్టుకున్న లవంగం కలిసిన వాసన వచ్చేది. ఆవిడకు గొంతే కూడు పెట్టేది మరి.

మా అమ్మ సినిమాల్లో ఏడ్చేది.

తెర మీద కాదు. తెర మీద ఏడ్చే ఆవిడ వేరు. ఆవిడ కంట్లో గ్లిజరిన్ చుక్క వేసుకుని పెదాలు వణికిస్తే, ఆ వణుకులోకి ప్రాణం పోసేది మా అమ్మ. మాటలు ఒకరు చెప్పేవారు, పాటలు ఇంకొకరు పాడేవారు. ఏడుపు దగ్గరికి వచ్చేసరికి అమ్మకు కబురొచ్చేది. మాటలు ముత్యాల్లా చెప్పే వాళ్లకు కూడా ఏడుపు అంత తేలికగా కుదరదట. మాట నిలబెడితే ఏడుపు పోతుంది, ఏడుపు నిలబెడితే గొంతు పోతుంది. అమ్మకు రెండూ నిలిచేవి.

నాన్న లైట్‌మన్. సినిమా వాళ్లంతా మద్రాసు నుంచి మూటాముల్లె సర్దుకుని హైదరాబాదు చేరుతున్న రోజుల్లో ఆయన కూడా భార్యనూ బిడ్డనూ వెంటబెట్టుకుని వచ్చాడు. మా చర్చి సంఘానికి వచ్చే ఒక సౌండ్ ఇంజినీరు అమ్మ పాట విని, చావింటి సన్నివేశంలో గుంపుగా ఏడవడానికి ఆడవాళ్లు తక్కువయ్యారు, ఒక్క పూట రమ్మన్నాడట. గుంపులో ఏడ్చి వచ్చిన అమ్మను మర్నాడు ఒంటరిగా ఏడవమన్నారు. ఆ తర్వాత ఇంక ఆగింది లేదు.

మేముండేది కృష్ణానగర్‌లో. ఇప్పటిలా అంతస్తుల మీద అంతస్తులు లేవు. మధ్యలో పెద్ద వాకిలి, చుట్టూ రేకుల గదులు, ఒక మూల ఇంటామె బర్రెల కొట్టం. మా ఊరి మాటలో దాన్ని లోగిలి అనేవాళ్లం. వెనక గోడెక్కితే జూబ్లీహిల్స్ బండరాళ్లు, వాటి మధ్య సీతాఫలం పొదలు కనపడేవి. ఇప్పుడు అక్కడ గేట్లూ, గేట్ల ముందు గూర్ఖాలూ ఉన్నారు. అప్పుడు గొర్రెలు ఉండేవి.

లోగిలిలో గదికో పని. మా పక్క గది ఫైటర్‌ది. హీరో చేతిలో దెబ్బ తిని ఎగిరిపడటం ఆయన వృత్తి. రోజూ పొద్దున్నే గోడ మీది నుంచి బర్రెల గడ్డివాము మీదికి పడటం సాధన చేసేవాడు. "కొట్టుడు ఎవలన్న కొడ్తరు బిడ్డా, పడుడే కష్టం," అని నాతో అనేవాడు. నేను మామా అని పిలిచేదాన్ని. మేడ మీద ఒక్క గదిలో ఇద్దరు అక్కాచెల్లెళ్లు ఉండేవాళ్లు, డాన్సర్లు. వాళ్ల అడుగులకు కింద మా చారుగిన్నె మీద మూత గలగలలాడేది.

ఇంటామెను అందరం అవ్వా అనేవాళ్లం. ఈ నేల మీదే పుట్టిన మనిషి. సినిమా వాళ్లు ఇంకా ఈ దిక్కు చూడని రోజుల్లో ఆ బండల మీద మేకలు కాసిందట. సినిమా ఎప్పుడూ చూసేది కాదు. "రోజు నా వాకిట్ల నడుస్తాంది గద సినిమ, మల్ల టికెట్ ఎందుకు?" అనేది.

అమ్మకు కొత్త సినిమా వచ్చిందంటే మధ్యాహ్నాలు సాధన. భోజనాలయ్యాక, బావి దగ్గర అంట్లు తోమే చప్పుడు సద్దుమణిగాక, గది తలుపు దగ్గరగా వేసి మూలన పీట వేసుకుని గోడకు ఎదురుగా కూర్చునేది. పక్కన గోరువెచ్చని నీళ్ల గ్లాసు. ఆ రోజుల్లో పెరుగు ముట్టేది కాదు, ఆవకాయ ముట్టేది కాదు. ఊరి నుంచి వచ్చిన ఎండు రొయ్యలు వేయించి గోంగూరలో వేస్తే ఆ వాసనకు మేడ మీది అక్కలు కూడా గిన్నెలు పట్టుకుని దిగేవాళ్లు. అమ్మ మాత్రం మాకు వడ్డించి తను చారన్నం తినేది.

తలుపు వెనక నుంచి ముందు ఒక చిన్న ఎక్కిలి వచ్చేది. తర్వాత ఊపిరి. ఆ తర్వాత, ఎక్కడో లోపల గిన్నె పొంగినట్టు, ఏడుపు. అవ్వ కొట్టంలోంచి పాలచెంబుతో వస్తూ కిటికీ దగ్గర ఆగేది.

"ఏం బిడ్డా, గియ్యాల ఎవలు సచ్చిన్రు?"

"మొగుడు, అవ్వా," అని లోపలి నుంచి అమ్మ మామూలు గొంతుతో.

"అయ్యో! మొన్ననే గద ఒక మొగడు పాయె?"

"అది వేరే సినిమా."

"నీ పాలబడ్డ మొగోడు ఒక్కడన్న బతుకుతడా తల్లీ!"

నాన్న ఇంట్లో ఉంటే ఆ మూల అమ్మ ఏడుస్తుండగానే ఈ మూల అన్నం తినేవాడు. "చూశావా అమ్మడూ, మీ అమ్మ నన్ను మళ్లీ చంపేసింది. కాస్త పులుసు పొయ్యి, పాడె ఎత్తేలోగా తినేస్తాను," అనేవాడు. అమ్మకు నవ్వొచ్చి ఏడుపు చెడేది. పీట మీది నుంచి వెనక్కి తిరిగి, "మీరు బయటికి పోయి తినండి! వైధవ్యం కుదరనివ్వరు కదా!" అని కసిరేది.

నేను ఆ విద్య చూసి కొంచెం దొంగతనంగా నేర్చుకున్నాను. పుల్లఐసు బండి వచ్చినప్పుడు గేటు దగ్గర నిలబడి, అమ్మలాగే ముందు ఎక్కిలి, తర్వాత ఊపిరి పట్టేదాన్ని. బండాయన పాపం కరిగిపోయి విరిగిన ఐసు ముక్క చేతిలో పెట్టేవాడు. ఒకరోజు అవ్వ చూసి, "తల్లి ఏడ్సి గంజి తెస్తాంటె బిడ్డ ఏడ్సి ఐసు తెస్తాంది," అని లోగిలంతా చాటింది. అమ్మ కొట్టలేదు. దగ్గర కూర్చోబెట్టుకుని, "కడుపులో లేని ఏడుపు నోటికి తెచ్చుకోకమ్మా. నాకది పని. నీకెందుకు?" అంది. ఆ మాట అన్నప్పుడు ఆవిడ మొహం నాకు బాగా గుర్తుంది, ఏదో తనకే చెప్పుకుంటున్నట్టు ఉంది.

మా సంఘం కూడుకునేది కూడా ఒక రిహార్సల్ హాల్లోనే. వారమంతా అక్కడ డాన్సులు నేర్పేవారు. ఆదివారం పొద్దున మావాళ్లు వెళ్లి నేల తుడిచి జంపకానాలు పరిచి, గోడల నిండా ఉన్న నిలువుటద్దాల మీద దుప్పట్లు కప్పేవాళ్లు. దేవుని సన్నిధిలో మన మొహాలు మనం చూసుకోకూడదని. ఒక మూల దుప్పటి పొట్టిది. నేను కావాలనే ఆ పక్కన కూర్చునేదాన్ని. అందరూ కళ్లు మూసుకున్నప్పుడు నేను ఒక కన్ను తెరిస్తే ఆ జానెడు అద్దంలో అమ్మ మొహం కనపడేది.

మా ఆరాధనలో ఆడవాళ్లు ఒకరి తర్వాత ఒకరు గొంతెత్తి ప్రార్థన చేసే సమయం ఒకటుంది. అమ్మ వంతు వచ్చేసరికి, నాన్న ఎత్తు మీద వైర్ల మధ్య చేసే పని గురించో, ఊళ్లో మంచాన పడ్డ అమ్మమ్మ గురించో మొదలుపెట్టి, ముగిసేలోగా చెంపలు తడిసిపోయేవి. పీట మీది ఏడుపులా ఉండేది కాదు. ముక్కు ఎర్రబడేది, మాటలు తడబడేవి, ఒక్కోసారి ఆమెన్ అనడం కూడా మర్చిపోయేది. అద్దంలో చూసే నాకు ఆ తేడా తెలుసు. వెనక కూర్చున్న వాళ్లకు వినపడటమే కాని కనపడదు కదా.

ఒక ఆదివారం అమ్మ ప్రార్థన మధ్యలో వెనక వరస నుంచి ఒకావిడ పక్కావిడతో అంది. "ఆవిడకేమమ్మా, రోజూ చేసే పనేగా." గుసగుసే కాని, ఖాళీ హాలు, రేకు కప్పు. అందరికీ వినపడింది. ఎవరో కిసుక్కుమన్నారు. అమ్మ గొంతు అక్కడే ఆగింది. ఆమెన్ అని కూర్చుంది.

ఆరాధన అయ్యాక పాస్టరు అయ్యగారు అమ్మను పక్కకు పిలిచారు. మంచి మనిషి. చలికాలంలో తన దుప్పటి తీసి ఒక లైట్‌బాయ్‌కి ఇచ్చినాయన. చెడ్డ ఉద్దేశం ఆయనకు లేదు.

"తప్పుగా అనుకోకమ్మా. కొంచెం నెమ్మదిగా ప్రార్థిస్తే బాగుంటుందేమో. కొత్తగా వచ్చేవాళ్లు ఇది కూడా సినిమాయే అనుకుంటే, సంఘానికి మాట వస్తుంది కదా."

"అలాగేనండి అయ్యగారూ," అంది అమ్మ.

ఆ రోజు నుంచి సంఘంలో అమ్మ గొంతు వినపడలేదు. ఇంట్లో కుటుంబ ప్రార్థనలో కూడా పెదాలు కదిలేవి, అంతే. నాన్న అడిగితే గొంతు దాచుకుంటున్నానంది.

ఒక మధ్యాహ్నం బియ్యంలో రాళ్లు ఏరుతూ నన్నడిగింది. "మన కన్నీళ్లు దేవుడు బుడ్డిలో పోసి దాచుకుంటాడని సండే స్కూల్లో చెప్పారుగా నీకు?"

"చెప్పారు."

"మరి నావి ఏవి దాచుకోవాలో, ఏవి పారబోయాలో ఆయనకెలా తెలుస్తుందే? మైకు ముందు ఏడ్చేదీ ఈ గొంతే, ఆయన ముందు ఏడ్చేదీ ఈ గొంతే. అయ్యగారికే తేడా తెలియలేదు."

నాన్న గోడకు చేరగిలబడి వింటున్నాడు. "ఇదిగో చూడు," అన్నాడు. "నేను పెద్ద లైటుకి నీలం కాగితం కట్టి వెన్నెల చేస్తాను. చూసేవాళ్లంతా వెన్నెలే అనుకుంటారు. దేవుడనుకుంటాడా? ఆయన వెన్నెల ఆయనకు తెలీదా?"

"మీ వెన్నెలకు స్విచ్ ఉందండీ," అంది అమ్మ. "తీసేస్తే పోతుంది. నాకేదీ?"

అమ్మ చాట దులిపి లేచింది. వయసు చిన్నదైనా ఇంట్లో ఏదో పెద్దది పోయిందని నాకు అర్థమైంది. మా అమ్మ దేవునితో మాట్లాడటం మానేసింది. కోపంతో కాదు. తన మాట తనకే నమ్మకం లేక.

ఆ తర్వాత కొన్నాళ్లకు సీతాఫలాల కాలం వచ్చింది. అవ్వ బండల మీది నుంచి గంపలతో కాయలు దింపించి తన గదిలో గడ్డిలో మాగబెట్టేది. లోగిలంతా తియ్యటి, మగ్గిన వాసన. నాన్న అవుట్‌డోర్ షూటింగుకు వేరే ఊరు వెళ్లాడు. అమ్మకు ఒక కొత్త సినిమా ఒప్పందమైంది. అందులో హీరోయిన్‌కు తల్లి చనిపోతుంది. లోగిలంతటికీ ఆ సంగతి తెలుసు, ఎవరికి ఏ సినిమా వచ్చినా అందరికీ తెలిసేది.

ఆ మధ్యాహ్నం నేను బడి నుంచి వచ్చేసరికి గది తలుపు వేసి ఉంది. లోపల అమ్మ ఏడుస్తోంది. అవ్వ అరుగు మీద కూర్చుని సీతాఫలాలు గంపలోకి సర్దుతోంది.

"సప్పుడు జెయ్యకు బిడ్డా. మీ అమ్మ పనిల ఉన్నది. గీడ కూసో, పండు తిను."

సాధన వేళ తలుపు తట్టకూడదని మా ఇంటి నియమం. నేను పుస్తకాల సంచి పక్కన పెట్టి సీతాఫలం విప్పాను. ఫైటర్ మామ చొక్కా లేకుండా గడ్డివాము మీద పడుకుని వింటున్నాడు. మేడ మెట్ల మీద అక్కలిద్దరూ తల దువ్వుకుంటూ ఆగిపోయారు.

"ఈపాలి వేరేగ చేస్తాంది అక్క," అన్నాడు మామ. "మొదలు ఎక్కిలి లేదు, ఏం లేదు. సీదా అందుకున్నది."

"తల్లి సచ్చిన సీను గద," అంది అవ్వ. "గట్లనే ఉంటది."

అంతలో గేటు దగ్గర సైకిల్ స్టాండు వేసిన చప్పుడు. పాస్టరు అయ్యగారు. అమ్మ ప్రార్థనలో గొంతెత్తడం లేదని ఆయనకు మనసులో ముల్లులా ఉండి, పలకరించి పోదామని వచ్చారట. అవ్వ లేచి నులకమంచం వాల్చింది. "కూసోండి సారూ. అమ్మాయి పని జేస్తాంది. అయిపోతదిగ." టీ తెచ్చి ఇచ్చింది. అయ్యగారు గ్లాసు పట్టుకుని మూసిన తలుపు వైపు చూస్తూ కూర్చున్నారు. లోపలి నుంచి ఏడుపు పైకి లేస్తోంది, విరుగుతోంది, మళ్లీ లేస్తోంది. మధ్యలో మాటలు లేవు. ఒట్టి, అమ్మా, అమ్మా అని.

"ఎంత సహజంగా చేస్తుందమ్మా!" అన్నారు అయ్యగారు మెల్లిగా. "ఇది దేవుడిచ్చిన వరమే."

అవ్వ కళ్లు తుడుచుకుంది. మామ కూడా ముక్కు ఎగబీల్చాడు. అందరం అలా కూర్చుని మా అమ్మ ఏడుపు విన్నాం. టీ చల్లారింది. కొంతసేపటికి ఏడుపు అణిగింది. గడియ తీసిన చప్పుడు, తలుపు తెరుచుకుంది.

ఫైటర్ మామ గడ్డివాము మీద లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. "మస్తు ఏడ్సినవ్ అక్కా! ఈ సినిమ పక్కా హిట్టు!" మెట్ల మీద అక్కలు కొట్టారు. వాళ్లను చూసి నేనూ కొట్టాను. అయ్యగారు టీ గ్లాసు మంచం కింద పెట్టి ఆయన కూడా కొట్టారు, ప్రోత్సహించినట్టు, నవ్వు మొహంతో.

అమ్మ గడప మీద నిలబడి మా అందరినీ చూసింది. చేతిలో గుడ్డసంచి ఉంది. అందులోంచి నా గౌను అంచు కనపడుతోంది.

"మా అమ్మ పోయింది," అంది.

అవ్వ అప్పటికీ నవ్వుతూనే ఉంది. "గిది గూడ డైలాగా బిడ్డా?"

అమ్మ జవాబివ్వబోయింది. గొంతు రాలేదు. గాలి వచ్చింది. ఎన్ని చావులు ఏడ్చినా, ఎన్ని రోజులు ఏడ్చినా, సాయంత్రానికి మళ్లీ తేనెలా ఉండే గొంతు. పెరుగు ముట్టకుండా, ఆవకాయ ముట్టకుండా కాపాడుకున్న గొంతు. అది చిరిగిపోయి ఉంది. పని కోసం ఏడ్చే మనిషి గొంతును అలా పోగొట్టుకోదు. అది లోగిలిలో అందరికీ ఒక్కసారే తట్టింది. మామ చేతులు చప్పట్ల మధ్యలోనే ఆగిపోయాయి.

వీధి చివర ఎస్టీడీ బూత్‌కు మా మావయ్య ఫోను చేశాడట. బూత్ ఆయన వచ్చి పిలిస్తే అమ్మ వెళ్లి విని, "సరే అన్నయ్యా" అని ఫోను పెట్టేసి, నిబ్బరంగా నడిచి వచ్చి తలుపు వేసుకుంది. వీధిలో ఏడవడం ఆవిడకు చేతకాదు. గదిలో ఏడ్చింది. పక్క గోడకు, మేడ మెట్లకు, అరుగుకు, అందరికీ వినపడేలా ఏడ్చింది. ఒక్కరూ తలుపు తట్టలేదు.

అవ్వ గంప వదిలేసి లేచింది. సీతాఫలాలు వాకిలంతా దొర్లాయి. అమ్మను రెండు చేతులా పట్టుకుని గడప మీదే కూలబడి, వాళ్ల పద్ధతిలో రాగం తీసి శోకం పెట్టింది.

"ఓ నా బిడ్డా, నిన్ను గన్న తల్లి పాయెనా! నీ తల్లిగారిల్లు సీకటాయెనా! గోడవతల కూసుండి ఇంటిమి గని గుండె తెల్వకపాయెనా…"

మా వాళ్లలో చావుకు పాటలు పాడతాం, నిరీక్షణ గురించి ప్రసంగం చేస్తాం. ఇలా శోకం పెట్టం. కాని ఆ రోజు అవ్వ రాగం తీస్తుంటే అమ్మ ఆవిడ భుజం మీద తల పెట్టి, గొంతు లేకుండా, ఒళ్లంతా కదిలిపోతూ ఏడ్చింది. అవ్వే తన గొంతు అప్పిచ్చినట్టయింది.

అయ్యగారు మంచం పక్కన నిలబడి ఉన్నారు. ప్రార్థన చేద్దామని చెయ్యెత్తారు. ఎప్పుడూ ధారగా మాటలొచ్చే మనిషి. ఎత్తిన చెయ్యి దించేశారు. చివరికి అమ్మ ఎదురుగా నేల మీద కూర్చుని ఇంత మాత్రం అన్నారు. "బైబిల్లో బిడ్డల్లేని ఒక ఇల్లాలు గుడిలో పెదాలు కదుపుతూ ఏడుస్తుంటే, గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చున్న యాజకుడు తాగి వచ్చిందనుకున్నాడు. ఆ కథ చెప్పి ఎంతమందికో బుద్ధులు చెప్పానమ్మా. ఆ కుర్చీలో ఇవాళ నేనే కూర్చున్నాను."

సాయంత్రం రైలుకు బయల్దేరాం. అక్కలు నాకు జడలు వేశారు. అవ్వ జొన్నరొట్టెలు, ఉల్లికారం మూట కట్టింది. నాన్నకు కబురందేలోగా ఆడమనిషి ఒంటరిగా ఎలా వెళ్తుందని ఫైటర్ మామ సంచి భుజాన వేసుకుని మాతోనే రైలెక్కాడు. మాకు చుట్టం కాదు, మా మతం కాదు. మా ఊరి సమాధుల తోటలో మావయ్యలతో పాటు పార పట్టి మట్టి పోశాడు. "సినిమల ఎన్నిసార్లో సచ్చిన. మట్టి పొయ్యుడు ఇదే మొదలు," అన్నాడు నాన్నతో, నాన్న నేరుగా అక్కడికి వచ్చాక.

తిరిగి వచ్చిన మర్నాడు అవ్వ అందరినీ వాకిట్లోకి పిలిచింది. నడుమున చేతులు పెట్టుకుని నిలబడింది.

"ఇనుండ్రి. గియ్యాల సంది ఈ ఇంట్ల ఎవలేడ్సినా ముందుగాల జెప్పి ఏడ్వాలె. పని ఏడుపయితే పని అని జెప్పుండ్రి. జెప్పకుండ ఏడిస్తిరా, తలుపు పలగ్గొట్టుకోని లోపటికొస్త. మల్ల నా మీద కోపం జెయ్యొద్దు."

"నవ్వితే కూడా చెప్పాల్నా అవ్వా?" అన్నాడు మామ.

"నువ్వు నవ్వితే బర్రెలు బెదురుతయ్. జెప్పు."

ఆ చట్టం ఆ లోగిలి ఉన్నంతకాలం నడిచింది. గొంతు బాగయ్యాక అమ్మ మధ్యాహ్నం పీట వేసుకునే ముందు అరుగు మీదికొచ్చి, "వినండమ్మా, ఇది పని!" అని కేకేసేది. కొట్టంలోంచి, "మంచిది బిడ్డా, ఏడు!" అని అవ్వ జవాబు. వేషాల కోసం కొత్తగా వచ్చి గదుల్లో చేరిన వాళ్లకు ముందు నీళ్ల కుండ ఎక్కడో చూపించి, తర్వాత ఈ నియమం చెప్పేవాళ్లు. అలా వచ్చిన ఒకాయన, ఖాయమైందనుకున్న వేషం చేజారి, తలుపు వేసుకుని చెప్పకుండా ఏడ్చాడు. కంచంలో అన్నంతో ఒకరు, నీళ్లతో ఒకరు, తడి తలతో మేడ మీది అక్కలు, అందరం ఆయన గుమ్మంలో ఉన్నాం. సిగ్గుతో ఏడుపు మర్చిపోయి అన్నం తిన్నాడు.

అయితే సంఘంలో అమ్మ మౌనం అలాగే ఉంది. అయ్యగారు ఏమీ అడగలేదు. ఆడవాళ్ల ప్రార్థన సమయంలో మాత్రం అమ్మ వైపు తిరిగి, మామూలు కన్నా కాసేపు ఎక్కువ ఆగేవారు. అమ్మ తల దించుకునేది. ఆయన ముగింపు ప్రార్థన చేసేసేవారు.

ఒక ఆదివారం అవ్వ మాతో వచ్చింది. ఆ దేవుడెవరో చూస్తానంది. ముఖాన ఇంత బొట్టు, నోట్లో పాన్, జంపకానా మీద చివర కూర్చుంది. అయ్యగారు ఆగారు. మా అమ్మ పెదాలు కదిలాయి. తర్వాత గొంతు వచ్చింది, ఇంకా కొంచెం గరగరగానే. "ప్రభువా, మా అమ్మను…" అంది. అంతే, ఆ మాట మీదే విరిగిపోయింది. చేతుల్లో మొహం పెట్టుకుంది. వెనక ఎవరూ కదల్లేదు. ఎవరేమనుకుంటారో అని అందరి వీపులూ బిగిశాయి.

అవ్వ లేచింది. కళ్లు మూసుకుని కూర్చున్న విశ్వాసుల మధ్య నుంచి, ఒకరి కాలు తొక్కి, ఒకరి నెత్తి మీద చెయ్యి వేసి దారి చేసుకుంటూ ముందుకు వచ్చి అమ్మ పక్కన చతికిలబడింది.

"జెప్పకుండ ఏడ్వవడ్తివి. నేను రావద్దా?" అంది, హాలంతా వినపడేలా.

ఎవరూ నవ్వలేదు. ముందు అయ్యగారి భార్య లేచి వచ్చింది. తర్వాత ఇంకొకరు. వెనక వరసలోని ఆవిడ, ఆనాడు ఆ మాట అన్నావిడ, మోకాళ్ల మీదే జరుగుతూ వచ్చి అమ్మ వీపు మీద చెయ్యి వేసింది. మా సంఘంలో అంత సేపు ఎవరూ మాట్లాడకుండా సాగిన ప్రార్థన నేను మళ్లీ చూడలేదు. ఏడ్చేవారితో కలిసి ఏడవమన్న ఆజ్ఞ మా అందరికీ కంఠతా వచ్చు. దాన్ని నడిచి వచ్చి చేసి చూపించింది ఆ ఆజ్ఞ ఎన్నడూ వినని మనిషి.

ఇంటికి నడిచి వస్తుంటే అవ్వ ముందు, మేం వెనక. నేను అమ్మ చెయ్యి పట్టుకుని అడిగాను. "అమ్మా, దేవుడికి తేడా తెలుస్తుందా?"

ఇస్త్రీ బండి దాటాం, పూలకొట్టు దాటాం.

"ఆ రోజు నేను తలుపు తీస్తే మీరందరూ చప్పట్లు కొట్టారు, గుర్తుందా?"

నేను తలూపాను.

"గదిలో నేను ఒక్కదాన్నే ఉన్నాననుకున్నావా? ఆయన కూడా ఉన్నాడు. పక్కనే కూర్చున్నాడు. ఆయన చప్పట్లు కొట్టలేదు."

అంత మాట చెప్పి, ఎండ మాడుస్తోందని కొంగు నా నెత్తి మీద కప్పింది.

ఆ లోగిలి పోయి చాలా కాలమైంది. అక్కడిప్పుడు ఆడపిల్లల హాస్టల్ ఉంది. గొంతు సాధనలు మెత్తటి గోడల గదుల్లో, చుక్క శబ్దం బయటికి పోకుండా జరుగుతాయి. అవ్వా లేదు, అమ్మా లేదు. దేవుడు మనిషి అంతరంగాన్ని ఎరుగునని నిరూపించే ప్రసంగాలు ఈ వయసుకు ఎన్ని విన్నానో. అన్నీ సత్యమే, కాదనను. కాని మోకరించి, నా ప్రార్థన నాకే బొంకులా తోచి నోరు పెగలని రోజుల్లో, నాకు ఆసరా అయ్యేది ఆ ప్రసంగాలు కాదు. ఎండలో కృష్ణానగర్ సందులో నడుస్తూ గరగర గొంతుతో మా అమ్మ చెప్పిన ఆ సాక్ష్యమే. దాన్ని పట్టుకుని మళ్లీ నోరు తెరుస్తాను.